గేటు దగ్గర దిగినవాళ్ళు

రిటైరైన రోజు డిపోలో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. మైకు పట్టుకున్నాయన "సత్యవతి గారు ఇరవై ఏడేళ్ళ సర్వీసులో చిన్న మచ్చ కూడా లేకుండా పనిచేశారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వి దణ్ణం పెట్టాను. ఆయన అన్నది నిజం కాదు. మచ్చ ఉంది. సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు కాబట్టి ఆయనకి తెలియదు.

ఆ మచ్చ గురించే ఇది రాస్తున్నాను. కొత్తగా కండక్టర్లుగా చేరుతున్న పిల్లలు, పరీక్ష రాసి ఏకంగా ఆఫీసు కుర్చీల్లోకి వస్తున్న పిల్లలు చదువుతారని ఆశ. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎన్నిసార్లు బదిలీ అయింది, ఇవేవీ రాయను. అవి మీకు అక్కర్లేదు, నాకూ విసుగే. పంతొమ్మిదేళ్ళు బస్సులో నిలబడ్డాను. ఎనిమిదేళ్ళు డిపోలో ట్రాఫిక్ సెక్షన్లో కూర్చున్నాను. ట్రాఫిక్ సెక్షనంటే ఏ బస్సు ఎక్కడికి, ఎన్నిసార్లు తిరగాలో తేల్చే గది. నిలబడ్డప్పుడు నేర్చుకున్నది కూర్చున్నాక మరిచిపోయాను. దానివల్ల ఒక మనిషి ఇంటి మీదికి వచ్చింది.

టౌను పేరు చెప్పను. విజయనగరం జిల్లాలోది, అంతవరకు చాలు. పేరు రాస్తే తెల్లారేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏటప్పా, మమ్మల్ని బజారుకెక్కించీసినావు" అని తగువుకొస్తారు.

పదికియ్యి

ట్రెయినింగులో మాకు నేర్పిన మొదటి మాట "ఎక్కడికి?" ప్రయాణికుడు ఎక్కగానే ఎక్కడికని అడగాలి, ఊరు చెప్పాక టికెట్ ఇవ్వాలి. రాజాం, చీపురుపల్లి రూట్లలో తిరిగినన్నాళ్ళు ఇది బాగానే నడిచింది. ఊళ్ళవాళ్ళు ఊరి పేరే చెబుతారు. ఒక్కోసారి ఊరు, వీధి, ఎవరింటికి వెళుతున్నదీ, వాళ్ళమ్మాయికి ఏ నెలో కూడా చెబుతారు.

టౌన్ బస్సులోకి మారాక నా మొదటి డ్యూటీలోనే చిక్కు వచ్చింది. మార్కెట్ దగ్గర తోటకూర తట్టతో ఒకావిడ ఎక్కింది. డబ్బులు చేతిలో పెట్టి "రెండుకియ్యి" అంది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"ఎక్కడికైతే నీకేటి? రెండుకియ్యి."

"ఊరు చెప్పకపోతే టికెట్ ఎలా ఇవ్వను?"

"ఓలమ్మ, కొత్త పిల్లలాగుంది" అని ఆవిడ పక్కవాళ్ళకేసి చూసి నవ్వింది. "రెండు రూపాయలకి నీ బస్సు ఎక్కడిదాకా ఎల్తాదో అక్కడిదాకా ఇయ్యి. మిగతాది నాను సూసుకుంటాను."

బస్సు అంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత అర్థమైంది. బస్సు వెళ్ళే దారిని మేం ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర ఒక పేరు పెట్టుకుంటాం. దాన్ని స్టేజి అంటాం. స్టేజి దాటితే రేటు పెరుగుతుంది. టౌన్ బస్సులో పేదవాళ్ళు ఊరుని బట్టి టికెట్ కొనరు, చేతిలో ఉన్నదాన్ని బట్టి కొంటారు. ఆ డబ్బు ఏ స్టేజి వరకు తీసుకెళితే అక్కడ దిగి, మిగతా దారి నడుస్తారు. అప్పుడు రెండుకియ్యి. తర్వాత అయిదుకియ్యి అయింది. ఇప్పుడు పదికియ్యి. అంకె మారుతూ వచ్చింది గాని అడిగే తీరు మారలేదు.

అంటే టికెట్ మీద పడే పేరు వేరు, మనిషి వెళ్ళాల్సిన చోటు వేరు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చెప్పింది మా డ్రైవరు అప్పలస్వామి గారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మాట తక్కువ, కోపం ఎక్కువ. స్టేజి దగ్గర జనం దిగాక వెంటనే బండి కదిపేవాడు కాదు. బయటికి చూడమనేవాడు.

"దిగినోల్లు ఎటెల్తన్నారో సూడమ్మా. బస్సెల్లే ఏపుకే నడిస్తే ఆల్లు ఊరొచ్చి దిగినోల్లు కాదు. డబ్బులు సాలక దిగినోల్లు."

ఆ మాట విన్నాక చూడకుండా ఉండటం కష్టం. తాపీ మేస్త్రీల దగ్గర పనిచేసే కూలీలు, అంట్లు తోమే ఆడవాళ్ళు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళు దిగేవారు. మా బస్సు వాళ్ళని దాటుకుని వెళ్ళేది. లోపల సగం సీట్లు ఖాళీ.

ఒక వాన రోజు

ఒకసారి పెద్ద వాన. స్టేజి దగ్గర దిగాల్సినవాళ్ళు ఏడెనిమిది మంది మెట్ల మీద నిలబడి బయటికి చూస్తున్నారు. అప్పలస్వామి గారు తలుపు వేయమని సైగ చేసి బండి పోనిచ్చాడు. నేనూ తలుపు వేసేశాను. అరకిలోమీటరు వెళ్ళామో లేదో చెకింగ్ వాళ్ళు చేతులు అడ్డం పెట్టారు.

స్క్వాడు పెద్దాయన పేరు సన్యాసిరావు. టికెట్లు చూసి, ఏడెనిమిది మందినీ దింపి, అందరికీ ఫైను రాశాడు. నాకు మెమో రాశాడు. "జాలి ఇంట్లో చూపించుకో తల్లీ. ఈ బస్సు నీది కాదు" అన్నాడు. తడుస్తూ ఫైను కట్టలేక ఒక ముసలి కూలీ చేతి గడియారం విప్పి ఇవ్వబోయాడు. సన్యాసిరావు గారు తీసుకోలేదు, పొమ్మన్నాడు. ఆ ఒక్క ఫైను ఆయనే కట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

చాలా ఏళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. ఆయన చెప్పింది సరైనదే. బస్సులో కండక్టరు చూపించే జాలి ఒక వానకి సరిపోతుంది, రెండో వానకి ఉద్యోగం పోతుంది. పేదవాడు ఇంటిదాకా వెళ్ళాలంటే స్టేజి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే కుర్చీలో బుద్ధి ఉన్నవాళ్ళు కూర్చోవాలి. అప్పుడు నేననుకున్నాను, నేను గనక ఆ కుర్చీలో కూర్చుంటేనా అని. కూర్చున్నాను కూడా.

పైడమ్మకి ఇల్లు వచ్చింది

కుర్చీ గురించి చెప్పే ముందు పైడమ్మ గురించి చెప్పాలి. బస్టాండు పక్క హోటల్లో అంట్లు తోమేది. పొద్దున్నే ఆరింటికి ఒక లాయరు గారింట్లో పని, ఆ తర్వాత ఇంకో రెండిళ్ళు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా హోటలు. మొగుడు చెన్నైకి పనికెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఒక కూతురు, హైస్కూల్లో చదివేది. మార్కెట్ వెనక గెడ్డ గట్టు మీద రేకుల పాకలో ఉండేవారు. గెడ్డ పొంగినప్పుడల్లా సామానంతా తట్టలో పెట్టుకుని బస్టాండులోకి వచ్చేసేవారు. నాకు అలా పరిచయం. డ్యూటీ మధ్యలో నేను హోటలు వెనక్కి వెళితే, అడగకుండానే నా సీసాలో వేడినీళ్ళు పోసి ఇచ్చేది.

ఒకరోజు పరుగెత్తుకుంటూ బస్సు దగ్గరికి వచ్చింది.

"కండక్టరమ్మా, నాకు ఇల్లొచ్చీసింది!"

"ఎక్కడ?"

"కొండకింద కాలనీల. రెండు గదులు. తలుపు మీద నా పేరే రాసీసినారు. నాకు సదవడం రాదు గావాల, మా సిన్నది సదివి సెప్పినాది. పైడమ్మ అని ఉన్నాదంట."

ఆ రోజు ఆవిడ నాకు రెండు లడ్డూలు పెట్టింది. ఇళ్ళు ఇచ్చే సర్కారు ఆఫీసువాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆ ఇంట్లో పైడమ్మవాళ్ళే ఉండాలి. తనిఖీకి వచ్చినప్పుడు తాళం కనబడితే, ఇల్లు అవసరం లేదనుకుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. పైడమ్మకి ఆ షరతు వింతగా తోచింది. "సొంత ఇల్లు పెట్టుకుని ఎవులు బైట ఉంటారమ్మా?" అంది.

కాలనీ టౌనుకి ఏడు కిలోమీటర్లు. మా బస్సు మార్కెట్ నుంచి రైల్వే గేటు మీదుగా కాలనీకి వెళ్ళేది. గేటు దాకా పది, కాలనీ దాకా పదిహేను. గేటు నుంచి కాలనీకి రెండున్నర కిలోమీటర్లు, ఒక పక్క జీడితోట, ఒక పక్క రాళ్ళ క్వారీ. పైడమ్మ పొద్దున గేటు దాకా నడిచి వచ్చి పదికి ఎక్కేది. రాత్రి ఆఖరి ట్రిప్పులో మాత్రం, బడి వదిలాక హోటల్లోనే ఉండే కూతురితో కలిసి కాలనీ దాకా టికెట్ తీసుకునేది. ఆ దారిలో దీపాలు లేవు.

నేను చేసిన పని

నేను ట్రాఫిక్ సెక్షనుకి వచ్చిన మూడో ఏడు. మా మేనేజరు మూర్తి గారు మంచివాడే. సిబ్బందికి సెలవులు ఇచ్చేవాడు, బూతులు మాట్లాడేవాడు కాదు. కాకపోతే పైనుంచి వచ్చే ఫోనంటే ఆయనకి ప్రాణభయం. ఒకరోజు పిలిచి, ఖాళీగా తిరిగే కిలోమీటర్లు తగ్గించమంటున్నారు, ఏ ట్రిప్పులు కత్తిరించవచ్చో రేపటికల్లా రాసివ్వమన్నాడు.

అప్పటికి టికెట్లన్నీ మిషను మీదే. మీట నొక్కితే ఏ స్టేజికి ఎన్ని టికెట్లు కొట్టారో కాగితం వచ్చేస్తుంది. టీ తెప్పించుకుని ఆ కాగితాలు ముందేసుకున్నాను. కాలనీ రూటు చూడగానే కనబడింది. గేటు దగ్గర బస్సు దాదాపు ఖాళీ అయిపోతోంది. అక్కడి నుంచి కాలనీకి ట్రిప్పుకి నలుగురో అయిదుగురో. బస్సుని గేటు దగ్గర ఆపేసి వెనక్కి తిప్పితే రోజుకి బోలెడు డీజిలు మిగులుతుంది. అలాగే రాశాను. కింద "గేటు దాటాక ప్రయాణికులకు బస్సు అవసరం లేదు" అని నా అందమైన చేతిరాతతో ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాను.

గేటు దగ్గర ఎందుకంతమంది దిగుతున్నారని నన్ను నేను అడగలేదు. గేటు దగ్గర ఏముంది? ఒక కిళ్ళీకొట్టు, ఒక పంక్చరు షాపు. పది కుటుంబాలు కూడా లేవు. అంతమంది ఆ పంక్చరు షాపుకి వెళతారా? పంతొమ్మిదేళ్ళు "పదికియ్యి" విన్నదాన్ని, ఆ కాగితం నమ్మేశాను. బస్సెక్కి ఒక్క ట్రిప్పు తిరిగి వచ్చి రాయొచ్చు. తిరగలేదు. నాకు తెలియని బస్సా అన్న గర్వం. దాంతోపాటు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఫ్యాను కింద కూర్చోవడం అలవాటైపోయింది.

పైడమ్మది ఆ కాలనీయే అన్న సంగతి కూడా ఆ వేళ గుర్తుకు రాలేదు. నేను కాగితం మీద చూసింది కాలనీ అన్న పేరునీ, పక్కన ఉన్న అంకెనీ. మూర్తి గారు భలే పని చేశావన్నారు. వారంలో బస్సు గేటు దగ్గర ఆగిపోయింది.

అర్జీ

రెండు నెలల తర్వాత పైడమ్మ డిపోకి వచ్చింది. మా గది కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. చిక్కిపోయి ఉంది.

"కండక్టరమ్మా, నీకు రాత వొచ్చు గదా. నాకొక అర్జీ రాసియ్యి."

"ఏం అర్జీ?"

"కాలనీ బస్సు తీసీసినారు. ఏ సచ్చినోడు తీసినాడో గాని, ఆడికి ఆడపిల్లలు లేరనుకుంటాను. హోటలు కాడ పనయ్యేసరికి రాతిరి అవుతాది. ఆటోవోడు మనిసికి ముప్పై అంటన్నాడు. పదిరోజులు నడిసినాం. ఒక రోజు క్వారీ కాడ తాగినోల్లు ఎంటబడ్డారు. మా సిన్నది ఇంక నడవనంది. మార్కెట్ కాడ గది తీసుకున్నాను."

"మరి కాలనీ ఇల్లు?"

"అదే గదమ్మా! ఆదివారం ఆదివారం ఎల్లి ఊడిసి దీపం పెట్టి వస్తన్నాను. ఇల్లిచ్చినోల్లు మంగలారం వొచ్చినారంట. తాలం సూసి రాసుకొని ఎల్లిపోనారంట. మల్లీ వొచ్చినారంట. ఇప్పుడు నా పేరు ఏదో లిస్టుల పడ్డాదంట. బస్సుంటే నానెందుకు తాలమేస్తానమ్మా? ఆ ముక్క రాసియ్యి. ఎవులు బస్సు తీసినారో ఆల్లకే ఇచ్చీస్తాను."

నా చేతిలో కలం ఉంది. బస్సు తీసింది నేనే. చువ్వలకి ఇవతల కూర్చుని అర్జీ రాశాను. నేను తీసుకున్న నిర్ణయం మీద నాకే అర్జీ, నా చేతిరాతతో. ఆవిడ వేలిముద్ర వేసి, చేతులు జోడించి వెళ్ళిపోయింది. నోరు విప్పనందుకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు. తప్పు చేయడం ఒక ఎత్తు, ఎదురుగా ఉన్న మనిషికి అది చెప్పకపోవడం ఇంకొక ఎత్తు.

మర్నాడు పొద్దున అయిదున్నరకి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కాలనీ వైపు నుంచి జనం నడిచి వస్తున్నారు. క్యారేజీలు, పారలు, చంకలో పిల్లలు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. బస్సు వచ్చింది, జనం దిగారు. కిళ్ళీకొట్టు వైపు ఇద్దరు వెళ్ళారు. మిగతా అందరూ వరుసగా కాలనీ రోడ్డు మీద నడక మొదలుపెట్టారు. లెక్కపెట్టడం ముప్పై దాటాక ఆపేశాను. బస్సు కాలనీకి వెళ్ళిన రోజుల్లో కూడా వీళ్ళు ఇలాగే నడిచారు, అయిదు రూపాయల కోసం. ఆ ట్రిప్పుకి నలుగురైదుగురు ఎవరంటే, నడవలేనివాళ్ళు. జ్వరం ఉన్నవాళ్ళు, నిండు చూలాళ్ళు, చీకట్లో ఆడపిల్లతో వెళ్ళాల్సినవాళ్ళు. అవసరం లేదని నేను రాసింది వాళ్ళ గురించి.

ఆఫీసుకి వచ్చి రెండు కాగితాలు రాశాను. ఒకటి, నా రిపోర్టు తప్పు, కాలనీ బస్సు మళ్ళీ వేయాలి. రెండు, గేటు స్టేజిని తీసేసి కాలనీని పది రూపాయల్లోకి తేవాలి. స్టేజి అంటే భూమిలో పాతిన రాయి కాదు, మనం కాగితం మీద గీసిన గీత. గీసినవాళ్ళు చెరపవచ్చు.

మూర్తి గారు కొత్త కాగితాన్నీ నా పాత రిపోర్టునీ పక్కపక్కన బల్ల మీద పెట్టారు.

"ఇది నీ సంతకమే, అదీ నీ సంతకమే. రెండు నెలల కింద అవసరం లేదన్నావు, ఇప్పుడు ఉందంటున్నావు. పైవాళ్ళకి నేనేం చెప్పాలి సత్యవతీ?"

"నాకు బుద్ధి లేదని చెప్పండి సార్."

"నీకు లేదంటే, సంతకం చేసిన నాకూ లేదనే కదా?"

"సాయంత్రం ఒక్కసారి గేటు దగ్గరికి రండి సార్. వచ్చి చూశాక మీ ఇష్టం."

ఆయన రాలేదు. కానీ కాగితం పైకి పంపాడు. అది వెళ్ళి తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను కత్తిరించడానికి వారం పట్టింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కలం పట్టుకునే ముందు.

గడి లేదు

ఆ నాలుగు నెలల్లోనే ఇళ్ళ ఆఫీసు నుంచి పైడమ్మకి విచారణకి రమ్మని కబురొచ్చింది. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. నా హోదా, సంతకం ఉన్న ఉత్తరం పట్టుకెళ్ళాను. అక్కడి ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ఉత్తరం చదివాడు.

"మేడమ్, మీరు చెప్పేది నాకు అర్థమైంది. కానీ మా ఫారంలో ఇల్లు ఖాళీగా ఉండటానికి నాలుగు కారణాలే ఉన్నాయి. చనిపోవడం, వలస, అమ్మేయడం, అవసరం లేకపోవడం. బస్సు లేకపోవడం అనే గడి లేదు."

"పక్కన రాయండి."

"పక్కన రాస్తే కంప్యూటరు తీసుకోదు. అయినా బస్సు తీసేస్తే మీ డిపో మీద ఫిర్యాదు చేయాలి గాని, ఇల్లు వదిలేస్తే ఎలా? ఎవరు తీశారు అసలు?"

పైడమ్మ నా పక్కనే నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనే తీశాను" అన్నాను. "ఖాళీగా తిరుగుతోందని రాసింది నేనే. ఈవిడ తాళం వేయడానికి కారణం నేనే. కావాలంటే అది కూడా రాసి సంతకం పెడతాను."

ఆ కుర్రవాడు ఉత్తరం ఫైల్లో పెట్టి, తన చేతిలో ఉన్నంత చేస్తానన్నాడు. పైడమ్మ నావైపు తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో, నేను ఎవరో పోల్చుకోలేనట్టు చూసింది. బయటికి వచ్చాక నాతో ఆటో ఎక్కలేదు. "నువ్వెల్లు, నాను నడిసి వస్తాను" అంది. నాకు ఏడుపు వచ్చింది. నడిరోడ్డు మీద కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు టికెట్ లేదు కదా అంటారు

ఈ మధ్య ఈ కథ ఒకమ్మాయికి చెబితే "ఇప్పుడు ఆడవాళ్ళకి ఉచితం కదా మేడమ్, ఆ బాధలన్నీ పోయాయి" అంది. కొంతవరకు నిజం. ఉచితం వచ్చాక మిగతా టౌన్ రూట్లలో తమాషా జరిగిందని మా డిపో పిల్లలు చెప్పారు. డబ్బులు ఇవ్వక్కర్లేదు గనక ఆడవాళ్ళందరూ ఎక్కడికి వెళ్ళాలో అక్కడి పేరే చెబుతున్నారట. మిషనులో చివరి స్టేజీల పక్కన ఉన్న అంకెలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. డబ్బు అడగడం మానేశాకగాని మిషను నిజం చెప్పలేదు.

కానీ రెండు సంగతులు. మగ కూలీలు ఇంకా పదికే అడుగుతున్నారు. అడ్డా మీద పొద్దున నిలబడి, పని దొరక్క తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టే మనిషికి రానూ పోనూ టికెట్ అంటే ఒక పూట బియ్యం. వాళ్ళని మీరు మిషనులో వెతక్కండి, స్టేజి దగ్గర దిగి చూడండి. రెండోది, వెళ్ళని బస్సులో ఉచితం ఎవరికీ ఉపయోగపడదు. టికెట్ తీసేసిన చేత్తోనే ట్రిప్పు కూడా తీసేయమని మీకు ఏదో ఒకరోజు కాగితం వస్తుంది. ఆ రోజు ఫ్యాను కట్టేసి లేవండి. మేనేజరుకి కోపం వస్తే రానివ్వండి. కోపం తెచ్చుకున్న మేనేజర్లు బదిలీ అయి వెళ్ళిపోతారు, రోడ్డు మీద నడిచేవాళ్ళు అక్కడే ఉంటారు.

కండక్టర్లకి ఒక మాట. ఎవరైనా "పదికియ్యి" అంటే విసుక్కోకండి. టికెట్ ఇచ్చేసి, ఇంటికి ఎంత దూరం నడవాలని అడగండి. అడగడానికి రూలు అడ్డం రాదు. వాళ్ళు చెప్పింది ఒక పుస్తకంలో రాసి నెలకోసారి ట్రాఫిక్ సెక్షనులో పడేయండి. నేను ఆఖరి మూడేళ్ళు మా కండక్టర్ల చేత ఇది చేయించాను. నా సర్వీసులో నేను గర్వపడే పని అదొక్కటే.

మళ్ళీ బస్సు

నాలుగు నెలల తర్వాత ఆర్డరు వచ్చింది. కాలనీకి బస్సు, పది రూపాయలకే. మొదటి ట్రిప్పులో నేనూ ఎక్కాను. గేటు దగ్గర అలవాటుగా లేచి నిలబడినవాళ్ళకి కండక్టరు "కూర్చోండి, ఇదే టికెట్టు కాలనీ దాకా" అంటే నమ్మలేదు. ఒకావిడ దిగిపోయింది కూడా, తర్వాత ఎక్కడ ఫైను వేస్తారో అని. మళ్ళీ పిలిచి ఎక్కించాం. కాలనీ మలుపులో బస్సు ఆగితే పిల్లలు కేకలు పెట్టారు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే పైడమ్మ ఇంటి వైపు నడిచాను. ఆదివారం కాబట్టి వచ్చి ఉంటుందనుకున్నాను.

తలుపు తీసి ఉంది. గుమ్మంలో ఎవరో ముసలాయన బీడీ కాలుస్తున్నాడు. తలుపు మీద పేరు ఉన్నచోట కొత్త రంగు వేసి, వేరే పేరు రాసి ఉంది. నెల కిందట ఇచ్చారట. వాళ్ళూ పేదవాళ్ళే. ఆయన నన్ను లోపలికి రమ్మన్నాడు గాని వెళ్ళలేదు.

అదే బస్సులో వెనక్కి వచ్చి హోటలు వెనక్కి వెళ్ళాను. పైడమ్మ కుళాయి దగ్గర కూర్చుని పెద్ద గుండిగ తోముతోంది. నన్ను చూసి తల దించుకుని పని చేసుకుంటూ పోయింది. ఇల్లు పోయిన సంగతి తెలుసని చెప్పడానికి ధైర్యం చాలక, ఇంకేదో చెప్పాలి గనక చెప్పాను. "పైడమ్మా, ఇవాళ్టి నుంచి కాలనీకి బస్సు వేశాం. పది రూపాయలే. ఆఖరి ట్రిప్పు కూడా ఉంది" అన్నాను.

పైడమ్మ చేయి ఆపింది. మసి అంటిన చేత్తోనే నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని నావైపు చూసింది.

"బస్సయితే ఏసినావు గాని కండక్టరమ్మా, నానెక్కడ దిగాల?"